బాపుకు, లండన్ పక్కన ఫెల్తమ్ నుంచి

బాపూ,

నమస్తే. నేను మంచిగ ఉన్నాను. నువ్వు, అమ్మ, నానమ్మ, చిన్నోడు అందరూ బాగున్నారని తలుస్తాను. ఫోన్‌లో చిన్నోడి మాట, వాడి గిటార్ మాట ఎత్తగానే "ఇగో, అమ్మతో మాట్లాడు" అని ఫోన్ ఇచ్చేస్తున్నావు. కాగితమైతే అట్లా ఇచ్చెయ్యలేవు కదా అని రాస్తున్నా. మాతో పనిచేసే హన్మకొండ అక్క సెలవు మీద వస్తోంది, ఆమె చేతికిచ్చి పంపుతున్నా. అద్దాలు పెట్టుకొని నువ్వే చదువు. అమ్మతో చదివిస్తే ఆమె మధ్యలో ఏడుస్తుంది, నీకు కోపం వస్తుంది.

ఆస్పత్రిలో డ్యూటీలు నడుస్తున్నాయి. ఈ నెల రాత్రి షిఫ్టులు, జీతం టైముకే పడుతోంది. చిక్కిపోయానని అమ్మ అంటోంది గానీ అదంతా వీడియోలో లైటు తేడా. రోజూ అన్నమే తింటున్నా. హౌన్‌స్లోలో మనవాళ్ళ దుకాణంలో గోంగూర కూడా దొరుకుతోంది, ధర మాత్రం అడగకండి.

మా ఇంటి ఓనరు పెద్దాయన సంగతి చెప్పాను కదా, బస్సు నడిపి రిటైరయ్యాడని. ఆయనకు క్వీన్ అనే రాక్ బ్యాండ్ అంటే ప్రాణం. అందులో గిటార్ వాయించే బ్రయాన్ మే అంటే ఇంకా ప్రాణం. ఆ బ్రయాన్ పెరిగింది ఈ ఫెల్తమ్‌లోనే. పాటలు పాడిన ఫ్రెడ్డీ మెర్క్యురీ కూడా ఈ ఊరివాడే. అసలు పేరు ఫరూఖ్ బుల్సారా, పార్సీ పిల్లాడు. పుట్టింది జాంజిబార్‌లో, చదివింది మన దేశంలో, పూణె దగ్గరి పంచ్‌గనిలో. 1964లో వాళ్ళ కుటుంబం ఇక్కడికి వచ్చింది. హీత్రో ఎయిర్‌పోర్టులో సామాన్లు మోసే పని కూడా చేశాడట. మా కింది గదిలో ఉండే తమ్ముడు, అదే కరీంనగర్ అబ్బాయి, ఇప్పుడు అదే పని చేస్తున్నాడు. ఈ ముక్క తెలిసినప్పటి నుంచి వాడు పని నుంచి రాగానే బాత్‌రూమ్‌లో పాటలు అందుకుంటున్నాడు. మాకు నిద్ర లేదు.

గ్లాడ్‌స్టోన్ అవెన్యూలో ఫ్రెడ్డీ ఉన్న ఇంటికి, పేరున్నవాళ్ళ ఇళ్ళకు గుర్తుగా పెట్టే నీలం రంగు గుండ్రటి పలక పెట్టారు, 2016లో. సెప్టెంబర్ 5 ఆయన పుట్టినరోజు. పెద్దాయనకు మోకాళ్ళు సహకరించవు కాబట్టి తోడుగా నేనూ పోయాను. ఎంతమంది వచ్చారనుకున్నావ్! పూలు పెట్టేవాళ్ళు పెడుతున్నారు, ఫొటోలు దిగేవాళ్ళు దిగుతున్నారు. జపాన్ నుంచి వచ్చిన ఇద్దరు అమ్మాయిలు బ్రయాన్ జుట్టు లాంటి విగ్గులు పెట్టుకున్నారు. నానమ్మ చూస్తే పోతరాజు వచ్చాడని దండం పెట్టేది. వీళ్ళు మాట్లాడుకునే తీరు చూస్తే మేనమామ గురించి మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. బ్రయాన్ ఆరోగ్యం ఎట్లుందట, తోటలో ముళ్ళపందులను సాకుతున్నాడట, ఇవే కబుర్లు. ఆయన నటి అనితా డాబ్సన్‌ను 2000లో పెళ్ళాడాడు. మొదటి పెళ్ళి వల్ల ముగ్గురు పిల్లలు. అవన్నీ వీళ్ళకు కంఠోపాఠం. నాకైతే ఇంత పిచ్చి ఎందుకో మొదట అర్థం కాలేదు. ఆ గిటార్ కథ విన్నాక కొంచెం అర్థమైంది.

కాస్త కూర్చుని చదువు బాపూ, ఇది నీ వడ్రంగి పనికి సంబంధించింది. బ్రయాన్‌కు పదహారేళ్ళప్పుడు మంచి గిటార్ కొనే స్తోమత ఇంట్లో లేదు. తండ్రి హెరాల్డ్ ప్రభుత్వ ఆఫీసులో డ్రాయింగులు గీసే ఉద్యోగి, చేతిలో పనితనం ఉన్న మనిషి. కొనలేకపోతే ఏమి, మనమే చేద్దామన్నారు. 1963లో మొదలుపెట్టి సుమారు రెండేళ్ళు తండ్రీకొడుకులు ఇంట్లోనే చేశారు. ఇక్కడి పాత ఇళ్ళలో చలికి మంట వేసుకునే గూడు ఉంటుంది, దాని మీద అలమర పలకలా ఒక చెక్క ఉంటుంది. తెలిసినవాళ్ళు పారేయబోతున్న అట్లాంటి మహాగని చెక్కను తెచ్చి గిటార్ మెడ చెక్కారు. నువ్వు పాత ఇల్లు కూలగొట్టే కాడికి పోయి టేకు దర్వాజలు, దూలాలు ఏరుకొచ్చినట్టే! ఆ చెక్కకు పురుగు కొట్టిన బొక్కలు ఉన్నాయి. వాటిలో అగ్గిపుల్లలు దిగ్గొట్టి నున్నగా చేశారు. మెడ మీద వేళ్ళు పెట్టే చోట్లకు గుర్తుగా తెల్లటి చుక్కలు ఉంటాయి చూడు, అవి వాళ్ళమ్మ కుట్టు డబ్బాలోని ముత్యపుచిప్ప గుండీలు. తీగలను వదులు చేసి లాగే మీటకు పాత మోటార్‌సైకిల్ ఇంజన్ స్ప్రింగులు వాడారు. ఆ మీట సైకిల్ సీటు వెనక సంచీ ఆనించే ఇనుప కమ్మీ, దాని కొసకు వాళ్ళమ్మ స్వెటర్లు అల్లే సూది ముక్క. పెద్దాయన పుస్తకంలోని ఫొటోను ఫోన్‌లో తీసి ప్రింట్ వేయించాను, కవర్లో ఉంది. మెడ ఎంత లావుగా ఉందో చూడు. చేసి అరవై ఏళ్ళు దాటినా బ్రయాన్ స్టేజీ మీద వాయించేది ఆ గిటారే. రెడ్ స్పెషల్ అంటారు. వాయించడానికి ప్లాస్టిక్ ముక్క కూడా వాడడు, పాతకాలం ఆరు పెన్నీల బిళ్ళతో మీటుతాడు.

నానమ్మ కంటి ఆపరేషన్ ఎప్పుడో రాయలేదు మీరు. డబ్బులు పంపాను, చూసుకోండి.

ఆ హెరాల్డ్ సంగతి ఇంకా ఉంది. కొడుక్కి గిటార్ చేసిచ్చిన ఆ తండ్రే, కొడుకు చదువు వదిలి బ్యాండు వెంట పోతానంటే మండిపడ్డాడు. బ్రయాన్ ఇంపీరియల్ కాలేజీలో అంతరిక్షంలోని ధూళి మీద పీహెచ్‌డీ చేస్తున్నాడు. మధ్యలో వదిలేశాడు. తండ్రీకొడుకుల మధ్య కొన్నాళ్ళు సరిగా మాటలు లేవు. తర్వాత బ్యాండు నిలబడ్డాక తల్లిదండ్రులను కాంకార్డ్ విమానంలో న్యూయార్క్ పిలిపించుకొని, మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే పెద్ద హాల్లో తన కచేరీ చూపించాడు. అప్పుడు గానీ ఆ తండ్రికి ఒప్పుకోబుద్ధి కాలేదట. ఈ ముక్క చెప్తుంటే మా పెద్దాయన గొంతు పూడుకుపోయింది. నాకు నువ్వే కళ్ళ ముందు మెదిలావు.

నువ్వేమంటావో నాకు తెలుసు. "అందరూ బ్రయాన్‌లు అయితరా?" కారు బాపూ. చిన్నోడు కాడనే అనుకుందాం. వాడు పెళ్ళిళ్ళల్లో, వినాయకుడి మంటపాల్లో వాయించుకుంటే ఎవరి సొమ్ము పోతుంది? చదువు మానేయమని నేను చెప్తలేను. బ్యాక్‌లాగ్‌లు ఈసారే రాసెయ్యమని గట్టిగానే చెప్పాను. ఆ బ్రయాన్ కూడా వదిలేసిన పీహెచ్‌డీని మళ్ళీ పట్టుకొని 2007లో అరవై ఏళ్ళ వయసులో పూర్తి చేశాడు. మనోడిని అన్నాళ్ళు ఆగమనట్లేదులే. నేను వాణ్ణి వెనకేసుకొస్తున్నానని అనకు. నర్సింగ్‌కు పోతానన్నప్పుడు నాతోనూ నువ్వు ఇట్లాగే మాట్లాడలేదు, గుర్తుందా? స్టేషన్ దాకా సంచీ మోసుకొచ్చింది కూడా నువ్వే.

వాడి దోస్తుల మీద కూడా నీకు గుస్సా. వాళ్ళు చెడగొడుతున్నారని. ఈ క్వీన్ వాళ్ళూ దోస్తులే. బ్రయాన్, డ్రమ్ములు కొట్టే రోజర్ టేలర్ కాలేజీ రోజుల నుంచి ఒక జట్టు. ఫ్రెడ్డీ వాళ్ళతో కలిసింది 1970లో, బాస్ గిటార్ వాయించే జాన్ డీకన్ ఆ తర్వాతి ఏడు. పాట ఎవరు రాస్తే డబ్బు వాళ్ళకన్న దగ్గర గొడవలు కూడా పడ్డారు. చివరికి 1989లో వచ్చిన ఆల్బమ్ నుంచి ఎవరు రాసినా నలుగురి పేరే వేసుకున్నారు. ఫ్రెడ్డీకి జబ్బు చేస్తే బయటికి పొక్కకుండా కాపాడారు. 1985 జులై 13న వెంబ్లీ స్టేడియంలో కరువు బాధితుల కోసం లైవ్ ఎయిడ్ అనే కచేరీ జరిగితే మా పెద్దాయన అక్కడే ఉన్నాడట. వీళ్ళు వాయించింది సుమారు 20 నిమిషాలే, దాని గురించి ఆయన గంటసేపు చెప్తాడు. టీ చల్లారిపోయినా ఆపడు.

హెరాల్డ్ 1988లో పోయాడు. మూడేళ్ళకు, 1991 నవంబర్‌లో, ఫ్రెడ్డీ. ఆ రోజుల్లో డిప్రెషన్‌తో నలిగిపోయానని బ్రయాన్ తనే చెప్పుకున్నాడు. అంత పేరు, అంత డబ్బు ఉండి కూడా.

ఇంకొకటి. 2020లో ఆయనకు గుండెపోటు వచ్చింది, మూడు స్టెంట్లు వేశారు. సన్నగా ఉంటాడు, ఒళ్ళు వంచి పనిచేస్తాడు, అయినా వచ్చింది. మెట్లెక్కితే ఛాతీలో పట్టేసినట్టుంటోందని నువ్వు అమ్మతో అన్నావట. "గ్యాస్ పట్టింది" అని సోడా తాగితే సరిపోదు. నేను రోజూ చూస్తున్న పని ఇది, నా మాట విను. ఈ వారమే ఈసీజీ తీయించుకో. కాగితం ఫొటో తీసి నాకు పంపమని చిన్నోడికి చెప్పు. చెప్పడానికైనా వాడితో మాట్లాడాలి కదా.

చిన్నోడి గిటార్ సజ్జ మీద పెట్టావని అమ్మ చెప్పింది. దాచిపెట్టినందుకు నేనేమీ అనను. కానీ బాపూ, మన సజ్జ పైన రేకులు. అక్కడి వేడికి కట్టె ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? అది సన్నటి పలకలతో అతికించిన సరుకు, మెడ వంగుతుంది, జిగురు విడుస్తుంది. పచ్చి కట్టెతో తలుపు చేశారని నువ్వు ఆ కొత్త ఇంటాయనను ఎంత తిట్టావు! కిందికి దించి, ఒకసారి మెడను కంటికి ఆనించి చూడు, వంపు వచ్చిందేమో. వస్తే ఏం చేయాలో వాడికి తెలియదు, నీకు తెలుస్తుంది.

బతుకమ్మకు నేను రావడం కుదరదు, సెలవు ఇవ్వలేదు. ఇక్కడ మనవాళ్ళంతా ఒక హాలు మాట్లాడుతున్నారు. తంగేడు దొరకదు, దొరికిన పూలతోనే పేరుస్తాం. అక్క తిరిగి వచ్చేటప్పుడు సకినాలు పంపండి, కారం తక్కువ వేయమను. పెద్దాయన కూడా తింటానంటున్నాడు.

ఇట్లు
నీ బిడ్డ