టోల్ వేస్తే గట్టు రోడ్లనూ ఒప్పందంలో చేర్చండి

సంపాదకుల వారికి,

రాష్ట్ర రహదారుల నిర్వహణను ఏజెన్సీలకిచ్చి టోల్ వసూలు చేసే ఆలోచన ఉందని, ఉభయ గోదావరి జిల్లాల్లోనే ముందు ప్రయోగం చేస్తామని 2024 నవంబరులో ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పారు. బైకులు, ఆటోలు, ట్రాక్టర్లకు మినహాయింపు అన్నారు. మంచిదే. మరి గేటు పడగానే లారీలు ఎటు మళ్లుతాయి? కాలువ గట్ల మీదికే. ధాన్యం, కొబ్బరికాయ, ఐసు పెట్టెల్లో రొయ్య ఇప్పటికే అక్కడి నుంచి బయల్దేరుతున్నాయి. వాటికి ఈ అదనపు బరువు తోడైతే గట్లు ఆగవు.

ఈ రోడ్లలో చాలావాటికి తారు వెడల్పు 3.75 మీటర్లే. ఎదురొచ్చిన బండికి సైడివ్వాలంటే లోడు లారీ ఎడమ చక్రాలు తారు పక్కనున్న మట్టి మార్జిన్లోకి దిగాల్సిందే. ఒక పక్క కాలువ, రెండో పక్క రొయ్యల చెరువు, అడుగున నల్లరేగడి. మట్టి ఏడాదిలో పది నెలలు నానే ఉంటుంది. చక్రం దిగిన చోట మార్జిన్ కుంగి, తారు అంచు పెచ్చులూడుతుంది. కొన్నాళ్లకు అంచు నుంచి అడుగు లోపలికి, రోడ్డు పొడవునా సన్నని పగులు తేలుతుంది. అది కనిపించిందంటే వచ్చే వేసవిలో గట్టు జారడానికి సిద్ధంగా ఉన్నట్టే. అవును, వేసవిలోనే. ఏప్రిల్లో కాలువలకు నీరు కట్టేయగానే నీటిమట్టం దిగిపోతుంది, గట్టు లోపలి తడి మాత్రం దిగదు. ఇన్నాళ్లూ బయటి నుంచి ఆనుకుని ఉన్న నీరు పోయేసరికి బరువెక్కిన మట్టి కాలువలోకి జారుతుంది. చెరువు ఎండగట్టినప్పుడూ ఇంతే.

అక్కడ గోతిలో కంకర చిప్స్ పోసి తారు చల్లడం డబ్బు దండగ. తడిసిన అడుగు మీద తారు పట్టదు. కుంగిన మట్టిని తవ్వి పారేసి, మెట్ట గ్రావెల్‌ను 20 సెంటీమీటర్లు మించని పొరలుగా పోసి రోలరుతో తొక్కించాలి. దాని మీద పరిచే కంకర పొరను తారు అంచు దగ్గరే ఆపేస్తున్నారు. మార్జిన్ కింద నుంచి గట్టు వాలు దాకా లాగకపోతే ఆ పొరే నీళ్ల తొట్టవుతుంది. కాలువ వైపు గోడ కడితే నీరు బయటికి కారే రంధ్రాలు వదలాలి. స్పీడు బ్రేకర్ల దగ్గర సిమెంటు రోడ్డే నయం: రొయ్యల లారీ బ్రేకు వేసేది, ఐసు నీళ్లు ఒలికేది అక్కడే.

గోడ పునాది తవ్వాలంటే కాలువలు కట్టేసిన ఆరేడు వారాలే గడువు. జూన్లో నీళ్లు వదిలేస్తారు. మార్చికల్లా టెండరు ఖరారు కాకపోతే ఆ ఏడాది పోయినట్టే.

పాసు సంగతి కూడా చూడాలి. జాతీయ రహదారుల నిబంధనల్లో గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవారి సొంత వాహనాలకు నెలవారీ పాసుంది. ప్రత్యామ్నాయ రోడ్డుంటే ఆ పాసివ్వరు. ఆ షరతును యథాతథంగా ఇక్కడికి తెస్తే డెల్టాలో ప్రతి గట్టూ ప్రత్యామ్నాయమే, ఇక పాసు ఎవరికీ దక్కదు! ఫాస్టాగ్ వార్షిక పాసు రాష్ట్ర రహదారుల గేట్ల దగ్గర చెల్లదు కూడా.

గేటు దగ్గర లారీల తూకం తప్పనిసరి చేయాలి. ఇరుసు మీద బరువు అయిదో వంతు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు రెట్టింపవుతుంది. గేటు తప్పించుకుని లారీలు దూరగల గట్టు రోడ్లన్నిటినీ పేరు పేరునా ఒప్పందంలో రాసి, వాటి మరమ్మతునూ ఆ ఏజెన్సీకే అప్పగించాలని రోడ్లు, భవనాల శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పాలకొల్లు