ఈ సమాధుల పండుగకు కొత్త ఆర్డర్లు తీసుకోవడం లేదు, ఇంట్లో చేసుకునేవాళ్ళకు మాత్రం సాయం చేస్తాం

షాపుకు వచ్చేవాళ్ళకు, ఫోన్లు చేస్తున్నవాళ్ళకు అందరికీ ఒకేసారి చెబుతున్నాను. పండుగ రోజైన నవంబరు 2 లోపు మేం ఇవ్వగలిగిన గ్రానైట్ సమాధి రాళ్ళన్నీ ఇప్పటికే ఒప్పుకున్నాం. ఇంకా ఒప్పుకుంటే చెక్కేవాళ్ళను తొందరపెట్టాలి, తొందరలో చెక్కిన అక్షరం రాయి ఉన్నన్నాళ్ళూ అలాగే ఉంటుంది. అందుకే అడ్వాన్సు ఇస్తామన్నా వద్దంటున్నాను. ఏమీ అనుకోకండి.

ఈ మధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఇంకొకటి ఉంది. "అన్నా, గ్రానైట్ వేయించే స్తోమత లేదు. ఇంట్లో మేమే సిమెంటుతో పలక చేసుకుంటే నిలబడుతుందా?" అని. రాళ్ళు అమ్మేవాడిని కాబట్టి నిలబడదంటానేమో అని మొహమాటపడుతూ అడుగుతున్నారు. బాగా చేస్తే నిలబడుతుంది. గుంటూరు చుట్టుపక్కల పాత సమాధుల తోటల్లో మేకుతో రాసిన సిమెంటు పలకలు ఇంకా చదవడానికి వస్తున్నాయి. అమ్మకో నాన్నకో రాయి వేయించడానికి వడ్డీకి తెస్తామంటే నాకు మనసొప్పదు. చేత్తో చేసింది తక్కువేమీ కాదు.

రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మూడంగుళాల మందం చాలు. అదే యాభై కిలోల దాకా తూగుతుంది, ఇద్దరు మోయాలి. అంతకన్నా పెద్దది అనుకుంటే ముందు మీ చర్చి పెద్దల్ని అడగండి, కొన్ని తోటల్లో కొలత ఇంతే ఉండాలని నియమం ఉంటుంది. పాళ్ళు స్లాబుకు వేసేవే: ఒకటి సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర. కంకర మాత్రం బేబీ చిప్స్, అంటే సన్న కంకర తీసుకోండి. ఏడెనిమిది కిలోల సిమెంటు సరిపోతుంది, బస్తా కొననక్కర్లేదు. చెక్క ఫ్రేములో పాలిథీన్ కవరు పరిచి పోయండి. సన్న చువ్వలు అల్లి సరిగ్గా మధ్యలో ఉండేలా పెట్టండి. పైకి తేలితే తుప్పు పట్టి, ఉబ్బి పలకను పగలగొడతాయి. నీళ్ళు ఎక్కువ పోస్తే కలపడం సులువే గానీ పైపొర పొడిపొడిగా రాలిపోతుంది.

అసలు పనితనమంతా అక్షరాల దగ్గరే. తాపీతో నున్నగా చేశాక పైన నీటి మెరుపు పోయేదాకా ఆగండి. బొటనవేలితో నొక్కితే ముద్ర పడాలి, వేలికి సిమెంటు అంటకూడదు. ఎండను బట్టి ఆ సమయం మారుతుంది, దగ్గరే కూర్చుని చూసుకోవాలి. అప్పుడు దారం పట్టి గీతలు వేసుకుని, మేకును కాస్త వాల్చి పావంగుళం లోతుగా రాయండి. మన తెలుగు అక్షరాలన్నీ గుండ్రాలే కదా, చిన్నగా రాస్తే లోపలి గుండ్రం విరిగి అక్షరం పూడిపోతుంది. ఒత్తుల దగ్గర మరీ కష్టం. అక్షరం అంగుళమున్నర కన్నా తగ్గకుండా, వరుసల మధ్య ఒత్తులకు చోటు వదిలి రాయండి. వాక్యం పెద్దదైతే తగ్గించుకోండి గానీ అక్షరాన్ని తగ్గించకండి. పేరు, జననం, మరణం, ఒక చిన్న వచనం చాలు.

మర్నాటి నుంచి తడి గోనె సంచి కప్పి కనీసం వారం నీళ్ళు పెట్టండి. పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది కాబట్టి అక్టోబరు మొదలయ్యేలోపే, వానలో తడవకుండా కప్పు కింద పోసేయండి. అక్షరాల్లో రంగు చివర్లో వేయండి. పచ్చి సిమెంటు మీద ఎనామిల్ వేస్తే పొరలుగా లేచిపోతుంది.

సమాధి కొత్తదైతే మాత్రం ఈ ఏడాదికి ఆగండి. ఒక వానాకాలం గడిస్తే గానీ మట్టి కుంగడం ఆగదు. మన నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిస్తుంది, ఎంత ఖరీదైన రాయినైనా ఒక పక్కకు వాల్చేస్తుంది. అడుగు లోతు తవ్వి, ఇసుక, కంకర వేసి దిమ్మిసతో గట్టిగా కొట్టాకే పలక పెట్టండి.

వచ్చే ఏడాదికి గ్రానైట్ అనుకునేవాళ్ళకూ ఒక మాట. గ్రానైట్ బదులు చవకని కడప బండ తీసుకుంటే నలుపు కొన్నేళ్ళకే బూడిద రంగుకు తిరుగుతుంది, అది ముందే తెలిసి తీసుకోండి. చీమకుర్తి గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ చూడ్డానికి ఎంతో బాగుంటుంది, కానీ ఆ బంగారు మెరుపుల్లో సన్న అక్షరాలు కలిసిపోతాయి. దానికి లావు అక్షరాలే అడగండి. పాలరాయైనా కడప బండైనా బాత్రూం యాసిడ్‌తో ఎప్పుడూ కడగొద్దు, యాసిడ్ రాయినే తినేస్తుంది.

ఇంట్లో చేసుకునేవాళ్ళు పేరు, తేదీలు కాగితం మీద రాసి తెస్తే, అసలు సైజులో అక్షరాలు ప్రింటు తీసి ఇస్తాం. డబ్బులేమీ వద్దు. అట్ట మీద అంటించి కత్తిరించుకుంటే పలక మీద ఆనించి రాయొచ్చు. సాయంత్రం మిషన్లు ఆపాక రండి, కూర్చుని మాట్లాడుకోవచ్చు. వచ్చే ముందు ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ కాగితం ఒకసారి చూపించండి. ఆధార్‌లో పేరు ఒకలా, ఇంట్లో పిలుచుకున్న పేరు ఇంకోలా ఉంటాయి. ఏది వేయాలో ఇంటిల్లిపాదీ అనుకుని రండి.