అద్దానికి మిగలని డబ్బు: ఒక టెలిస్కోప్ కంపెనీకి ఫిర్యాదు లేఖ

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

విషయం: మీ 114 మిల్లీమీటర్ల కంప్యూటర్ టెలిస్కోప్ కిట్‌లో ప్రమాదకరమైన సూర్య ఫిల్టర్, పెట్టె మీద తప్పుదోవ పట్టించే అంకెలు, ధరకు తగని నాణ్యత గురించి.

ఆర్యా,

ముందు ఆ సూర్య ఫిల్టర్ సంగతి. మిగతా ఫిర్యాదులన్నీ డబ్బుతో పోయేవి, ఇది కంటితో పోయేది.

మీ కిట్‌లో ఐపీస్ (కన్ను ఆనించి చూసే కటకం) అడుగున బిగించుకోమని చిన్న నల్లటి గాజుబిళ్ల ఒకటి ఇచ్చారు. దాని అంచున ‘సన్’ అని రాసి ఉంది. 114 మిల్లీమీటర్ల అద్దం పోగుచేసిన ఎండంతా ఒక్క బిందువుకు చేరే చోటు పక్కనే ఆ బిళ్ల ఉంటుంది. వేడికి అది పగిలిందంటే, కన్ను పక్కకు తీసేలోపే జరగాల్సిన నష్టం జరిగిపోతుంది. సూర్యుణ్ణి చూసే ఫిల్టర్ గొట్టం మూతిని మొత్తం కప్పాలి, అంటే ఎండ లోపలికి రాకముందే ఆగిపోవాలి. ఆకాశం చూడటం మొదలుపెట్టిన ఎవరికైనా మొట్టమొదట చెప్పే జాగ్రత్త ఇది. టెలిస్కోపులు అమ్మే కంపెనీకి తెలియదంటే నమ్మను. ‘పెట్టెలో ఇన్ని వస్తువులు’ అని చెప్పుకోవడానికే దాన్ని అందులో పడేశారని నా అనుమానం. పైగా పెట్టె మీద టెలిస్కోప్ పక్కన పిల్లవాడి బొమ్మ వేసింది మీరే. ఆ బిళ్లను కిట్‌లోంచి తీసేయండి, ఇప్పటికే కొన్నవాళ్లందరికీ వాడొద్దని కబురు పంపండి. ఈ ఒక్క పనికి నా మిగతా ఉత్తరం చదివి ముగించేదాకా కూడా ఆగనక్కర్లేదు.

ఇక ధర. ఖరీదు ఎక్కువైందన్నది నా ఫిర్యాదు కాదు. హాబీ అన్నాక చేతి చమురు వదలక తప్పదని తెలిసే దిగాను. మంచి గాజుకి, మంచి లోహానికి, వాటిని సానపట్టిన చేతులకి డబ్బివ్వడానికి నాకు అభ్యంతరం లేదు. నేనిచ్చిన డబ్బు వాటిలో దేనికీ పోలేదన్నదే నా బాధ.

టెలిస్కోప్ చేసే అసలు పని వెలుగును పోగుచేయడం. ఆ పని చేసేది అద్దం. అది ఎంత వెడల్పుంటే అంత వెలుగు, ఎంత సరైన వంపులో ఉంటే అంత స్పష్టత. మీ టెలిస్కోప్ గొట్టం పొడవు చూస్తే దాని ఫోకల్ లెంగ్త్‌లో, అంటే వెలుగు ఒక బిందువుకు చేరే దూరంలో, సగం కూడా లేదు, పెట్టె మీద మాత్రం 1000 మిల్లీమీటర్లని ఉంది. ఐపీస్‌ను ముందుకూ వెనక్కీ జరిపే ఫోకసర్ ఊడదీసి చూస్తే లోపల ఒక చిన్న కటకం కనబడింది. అంటే పారాబొలా ఆకారంలో సానపట్టాల్సిన అద్దాన్ని, చవగ్గా తయారయ్యే గోళాకారపు వంపులో వదిలేసి, ఆ లోపాన్ని సరిదిద్దే భారం ఈ కటకం మీద వేశారన్నమాట. దీన్ని బర్డ్–జోన్స్ అమరిక అంటారు. శ్రద్ధగా చేస్తే చెడ్డదేమీ కాదు, గొట్టం పొట్టిగా మోసుకెళ్లడానికి వీలుగా ఉంటుంది. కానీ ఆ కటకం నాణ్యత, అది కూర్చున్న చోటు అద్దంతో అచ్చంగా కుదరాలి. మీ కటకం ఉన్నది వదులుగా కదిలే ఫోకసర్ గొట్టంలో. పైగా అది మధ్యలో అడ్డుండటం వల్ల అద్దాల వరుస సరిచేసుకునే లేజర్ కూడా తప్పు దారి చూపిస్తుంది. మీ మాన్యువల్‌లో అద్దాల వరుస సరిచేయడం గురించి ఒక్క వాక్యం లేదు. అసలా కటకం ఉందన్న సంగతే ఎక్కడా చెప్పలేదు.

ఫలితం ఎలా ఉంటుందో చెప్తాను. మీరిచ్చిన 20 మిల్లీమీటర్ల ఐపీస్ పెడితే 50 రెట్లు. అక్కడ గురుడు చక్కగా గుండ్రంగా, పక్కన నాలుగు ఉపగ్రహాలు చుక్కల్లా, ఒంటి మీద లేత గోధుమరంగు పట్టీలు రెండు కనిపిస్తాయి. శని చిన్నగానే ఉన్నా వలయం విడిగా తెలుస్తుంది. ఈ హాబీ ఖర్చుకు తగినదేనా అని ఎవరైనా అడిగితే, ఆ 50 రెట్ల దగ్గర నాకు సందేహమే లేదు. గెలీలియో 1610 జనవరిలో గురుడి ఉపగ్రహాలను చూసింది 20 రెట్ల టెలిస్కోప్‌తోనే కదా. అదే మీ 4 మిల్లీమీటర్ల ఐపీస్ పెట్టి 250 రెట్లకు వెళ్తే గురుడు ముద్దలా మారతాడు. నక్షత్రం చుక్కలా ఉండదు, ఒక పక్కకు తోక పీకినట్టు సాగుతుంది.

అయినా పెట్టె మీద పెద్దక్షరాలతో ఉన్న అంకె 750 రెట్లు! 1000ని 4తో భాగించి, ఐపీస్ పెంచినదాన్ని ఇంకా పెంచే 3 రెట్ల బార్లో లెన్స్‌తో హెచ్చవేస్తే ఆ అంకె వస్తుంది, లెక్క తప్పు కాదు. కానీ అద్దం వ్యాసంలో ప్రతి మిల్లీమీటరుకు రెండు రెట్లకు మించి పెంచితే కొత్తగా ఏమీ కనబడదన్నది ఈ రంగంలో అందరూ పాటించే హద్దు. 114కి అది 228. అది కూడా గాలి నిలకడగా ఉండి, అద్దం మేలైనదైతే. 250 నుంచి 750కి వెళ్లేసరికి బొమ్మ వెలుగు తొమ్మిదో వంతుకు పడిపోతుంది. చూపులో చంద్రుడి వెడల్పులో పదో వంతు మాత్రమే పడుతుంది. మోటారు ఆపి చూస్తే భూమి తిరుగుడుకి ఆ ముక్క కాస్తా పావు నిమిషంలోపే పక్కకు జారిపోతుంది. ఆ 750 రెట్లలో పనికొచ్చే దృశ్యం ఒక్కటైనా చూసినవాళ్లు మీ కంపెనీలో ఎవరైనా ఉంటే నాకు పరిచయం చేయండి.

ట్రైపాడ్ గురించి చెప్పాల్సి రావడమే విచిత్రం. సన్నటి బోలు అల్యూమినియం కాళ్లు, పైన అవి కలిసేచోట ప్లాస్టిక్ ముక్క. మరలన్నీ గట్టిగా బిగించినా ఆ ప్లాస్టిక్ దగ్గర వదులు మిగిలే ఉంటుంది. ఫోకస్ మర మీద వేలు పెట్టగానే గురుడు ఊగడం మొదలుపెడతాడు. వేలు తీశాక కూడా ఊగుతూనే ఉంటాడు. ఊగడం ఆగాక చూస్తే ఫోకస్ ఇంకా కుదరలేదని తెలుస్తుంది. మళ్లీ మర తిప్పాలి, మళ్లీ ఊగుతాడు. వీడియో తీసి జతచేస్తున్నాను. ఇంతకుముందు ఇదే సంగతి రాస్తే మీ సిబ్బంది మర్యాదగానే జవాబిచ్చారు: దృఢమైన ట్రైపాడ్ యాక్సెసరీల విభాగంలో విడిగా దొరుకుతుందట! టెలిస్కోప్ నిలబడాలంటే మళ్లీ డబ్బు కట్టాలన్నమాట. పోనీ గొట్టాన్ని వేరే గట్టి మౌంట్ (గొట్టాన్ని పట్టి తిప్పే పీఠం) మీద పెట్టుకుందామా అంటే అదీ కుదరదు. చాలామంది తయారీదార్లు వాడే విక్సెన్ పద్ధతి డోవ్‌టెయిల్ పట్టీకి (మౌంట్ గాడిలో జారి బిగిసే పట్టీ) బదులు మీదైన ఒక బిగింపు పెట్టారు. అది మీ మౌంట్‌కి తప్ప ఇంక దేనికీ పట్టదు. ఐపీస్‌లు మాత్రం అందరూ వాడే 1.25 అంగుళాల కొలతలోనే ఉంచారు, అందుకు కృతజ్ఞతలు.

మరి డబ్బంతా ఎక్కడికి పోయింది? మోటార్లకి, వాటిని నడిపే రిమోట్‌కి, యాప్‌కి. రిమోట్‌లో 40,000 ఖగోళ వస్తువులున్నాయని ప్రకటన. పైన పటారం, లోన లొటారం. ఈ అద్దంతో వాటిలో చాలావాటిని పక్క నక్షత్రంతో పోల్చి తేడా చెప్పడం ఎవరి తరమూ కాదు. తోకచుక్కలని పొరబడకుండా ఉండటానికి ఫ్రెంచి ఖగోళవేత్త చార్ల్స్ మెస్సియే 1781 నాటికి పోగుచేసిన జాబితాలో ఉన్న మసక వస్తువులు 103, ఇప్పుడు 110గా లెక్కిస్తున్నారు. మంచి చీకటి దొరికే చోట 100 మిల్లీమీటర్ల మేలైన టెలిస్కోప్‌కి ఆ 110 అందుతాయి. మీరు ఆ 110ని సరిగ్గా చూపించి ఉంటే మిగతా 39,890ని నేనడిగేవాణ్ణి కాదు.

మోటార్లైనా సవ్యంగా నడుస్తాయా అంటే, లోపల ఎనిమిది పెన్సిల్ సెల్స్ వేయాలి. ఒక వస్తువు నుంచి మరోదానికి వేగంగా తిరిగేటప్పుడు మోటార్లు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతాయి. సెల్స్ కాస్త నీరసించి ఉంటే చాలు, వోల్టేజి పడిపోయి రిమోట్ ఆరిపోతుంది. మళ్లీ తేదీ, సమయం, ఊరు, దిక్కులు తెలియడానికి రెండు నక్షత్రాలకు గురిపెట్టడం అన్నీ మొదటినుంచీ. బయటి బ్యాటరీ తగిలిద్దామంటే ఆ రంధ్రం మీ సొంత ఆకారంలో ఉంది, దాని తీగ కూడా విడిగానే అమ్ముతారు. గోరుచుట్టు మీద రోకటి పోటంటే ఇదే. యాప్ సంగతి రెండు ముక్కల్లో చెప్తాను: కొన్నప్పుడు ‘ఈ రాత్రి ఏం చూడాలి’ అన్న జాబితా ఉచితంగా ఉండేది, తర్వాతి అప్‌డేట్‌తో అది నెలవారీ చందాలోకి వెళ్లింది. ఏ గ్రహం ఏ వేళ ఎక్కడుంటుందో కంప్యూటర్ మీద స్టెల్లేరియం అనే ప్రోగ్రాం ఉచితంగానే చూపిస్తుంది. మీరు చందా పెట్టింది కొత్త సదుపాయానికి కాదు, నేను డబ్బిచ్చి కొనుక్కున్న దానికి.

ఈ రంగంలో పొదుపంటే ఏమిటో తెలియక మీరిలా చేస్తున్నారనీ అనుకోలేను. జాన్ డాబ్సన్ అనే ఆయన రామకృష్ణ సంప్రదాయపు వేదాంత సన్యాసిగా ఉంటూ, చేతిలో డబ్బు లేక, పారేసిన ఓడ కిటికీ గాజును అద్దంగా సానపట్టుకున్నాడు. ప్లైవుడ్ పెట్టె, టెఫ్లాన్ ముక్కలతో మౌంట్ చేశాడు. 1968లో మరికొందరితో కలిసి సాన్‌ఫ్రాన్సిస్కోలో సంఘం పెట్టి, వీధిలో పోయేవాళ్లను ఆపి చంద్రుణ్ణి చూపించాడు. ఆ అమరికే డాబ్సోనియన్ పేరుతో ఇప్పటికీ నడుస్తోంది. మామూలుగా అందులో మోటారుండదు, చేత్తో తిప్పాలి. తిప్పడం సులువే, ఆపిన చోట ఆగుతుంది. డబ్బు పోయేది అద్దంలోకే. మీ కిట్ ధరకు దగ్గర్లోనే దొరికే 150 మిల్లీమీటర్ల డాబ్సోనియన్ మీ దానికంటే సుమారు 1.7 రెట్లు వెలుగు పోగుచేస్తుంది. మోటార్లు వద్దని కాదు. ఫొటోలు తీసేవాళ్లకి, వంగి వెతకలేనివాళ్లకి అవి అవసరం. కానీ అద్దాన్నీ కాళ్లనీ బలిచ్చి మోటారు పెట్టడం వాళ్లకైనా న్యాయం కాదు.

కాబట్టి నేను కోరేది ఇది. ఊగని ట్రైపాడ్ అదనపు డబ్బు అడక్కుండా పంపండి. విద్యుత్ తీగ దానితో పాటే రావాలి. ‘ఈ రాత్రి’ జాబితా కొన్నవాళ్లకి మునుపటిలా ఉచితంగా తెరవండి. ఫోకసర్‌లో కటకం బిగింపును పరీక్షించి, 200 రెట్ల దగ్గర నక్షత్రం చుక్కలా కనబడేట్టు సరిచేయండి. సరిచేయడం కుదరకపోతే పూర్తి సొమ్ము వాపసివ్వండి. ఇకముందు అచ్చయ్యే పెట్టెల మీద 750 తీసేసి, అద్దం వ్యాసం, అద్దం ఆకారం, మధ్యలో కటకం ఉందా లేదా అన్నవి రాయండి. ‘మీ సూచనను సంబంధిత విభాగానికి పంపాం’ అన్న అచ్చు జవాబు ఇంతకుముందే అందింది, అది మళ్లీ పంపనక్కర్లేదు.

బిల్లు నకలు, మీ సిబ్బంది జవాబు, ట్రైపాడ్ ఊగే వీడియో, నక్షత్రం సాగిన ఫొటో, ఆ సూర్య ఫిల్టర్ ఫొటో దీంతో జతచేస్తున్నాను. సరుకు వెనక్కి పంపాల్సి వస్తే రవాణా ఖర్చు మీరే భరించాలి. పెట్టె, లోపలి థర్మోకోల్ భద్రంగానే ఉన్నాయి. ఆ సూర్య ఫిల్టర్‌ను మాత్రం వెనక్కి పంపను, ఇంకొకరి పెట్టెలోకి చేరకుండా నా దగ్గరే ఉంచుకుంటాను.

ఇట్లు,
మీ టెలిస్కోప్ కొన్న వినియోగదారుడు