ముప్పై అయిదు దొరికింది, బావా!

హైదరాబాదు,
ఆదివారం రాత్రి

ప్రియమైన బావా,

నీ ఉత్తరానికి ఇంత ఆలస్యంగా జవాబు రాస్తున్నందుకు ముందుగా మన్నించు. ఇంట్లో అందరూ క్షేమం, నాన్నగారి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చెల్లాయి పరీక్షలు అయిపోయాయి. మిగిలిన కబుర్లన్నీ మరోసారి, ఎందుకంటే లెన్సు దొరికింది! హాస్టల్ మేడ మీద కూర్చుని ఊహల్లోనే కొని, ఊహల్లోనే అమ్మేసుకున్న ఆ సినీ లెన్సు ఇప్పుడు నిజంగా నా బల్ల మీద ఉంది. ఆ సంగతి నీకు చెప్పనిదే నాకు నిద్ర పట్టేలా లేదు.

సామ్‌యాంగ్ 35 ఎం.ఎం., టి1.5, ఈఎఫ్ మౌంట్ (అంటే కెనాన్ కెమెరాలకు బిగించే అమరిక), సెకండ్ హ్యాండ్. టి అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ కాంతి ఇస్తుంది కదా, అందుకే నువ్వు వెంటనే ఏమడుగుతావో నాకు తెలుసు. సిరుయి వాళ్ల నైట్ వాకర్ లెన్సు టి1.2 ఉంది, సెవెన్ ఆర్టిజాన్స్ వాళ్ల విజన్ అయితే టి1.05 వరకు వెళుతుంది, మరి నువ్వు టి1.5 దగ్గరే ఎందుకు ఆగిపోయావు అంటావు. నేనూ మొదట్లో ఆ అంకెల వెంటే తిరిగాను, కానీ మన సినిమాలోని జాజిపూల షాట్ నా ఆలోచనను పూర్తిగా మార్చేసింది.

ఆ షాట్ నీకు కంఠతా వచ్చు కదా: పెద్దమ్మ అరుగు మీద కూర్చుని జాజులు కడుతూ ఉంటుంది, ఫోకస్ ఆవిడ వేళ్ల మధ్య దారం ముడి మీద ఉంటుంది, గేటు చప్పుడు కాగానే ఫోకస్ అక్కడ నిలబడ్డ కొడుకు మీదికి వెళ్లాలి. కథంతా ఆ ఒక్క కదలికలో ఉంది. అందుకని కృష్ణానగర్‌లో ఒక సినీ లెన్సు ఒక్క రోజుకు అద్దెకు తెచ్చి, మా పిన్నిని అరుగు మీద కూర్చోబెట్టి, నా సోనీ ఎఫ్‌ఎక్స్30 కెమెరా మీద ముందు నా ఫొటో లెన్సుతోనూ ఆ తరువాత దానితోనూ అదే షాట్ తీశాను.

నా ఫొటో లెన్సులో ఫోకస్ రింగుకీ లోపలి అద్దాలకీ నేరుగా సంబంధం లేదు, మధ్యలో మోటారు ఉంది. రింగును వేగంగా తిప్పితే ఫోకస్ ఎక్కువ దూరం పోతుంది, నెమ్మదిగా తిప్పితే అదే కొలతకు తక్కువ దూరం పోతుంది. రింగు మీద తెల్లటి టేపు అంటించి పెన్సిలుతో గీతలు పెట్టాను. ఒకసారి గీత దగ్గర ఆపితే గేటు స్పష్టంగా వచ్చింది, మరోసారి అదే గీత దగ్గర ఆపితే తులసికోట దగ్గరే నిలిచిపోయింది. నటీనటులు ప్రాణం పెట్టి చేస్తున్నప్పుడు ఇలా జరిగితే ఆ టేక్ మళ్లీ ఎవరు తెచ్చిస్తారు చెప్పు?

సినీ లెన్సు బిగించాక పరిస్థితి వేరుగా ఉంది. రింగు తిరుగుడు పొడుగ్గా ఉంటుంది, రెండు చివరల దగ్గర గట్టిగా ఆగుతుంది, గీత పెట్టిన చోటికి ఎంత వేగంతో తిప్పినా ఫోకస్ అక్కడికే వచ్చి వాలుతుంది. రింగు చుట్టూ ఉన్న పళ్లు 0.8 మాడ్యూల్ కొలతవి కాబట్టి నీ దగ్గర ఉన్న ఫాలో ఫోకస్, అదే రింగును తిప్పే పళ్ల చక్రం, సరిగ్గా అతుక్కుంటుంది. దూరం అంకెలు పక్కకు తిరిగి ఉంటాయి కనుక నువ్వు కెమెరా పక్కన నిలబడే చదువుకోవచ్చు. పిన్ని తల ఎత్తిన ప్రతిసారీ ఫోకస్ గేటు దగ్గరికి వెళ్లి నిలబడింది బావా! నువ్వు ఆ సమయంలో నా పక్కన లేవే అని ఎంత అనిపించిందో.

ఇక ఆ టి అంకెల సంగతి. ఎఫ్ నంబరు కేవలం లెక్క, ఫోకల్ లెంగ్తును (లెన్సు మీది ఎం.ఎం. అంకెను) ఎపర్చరు, అంటే కాంతి వెళ్లే రంధ్రం, వ్యాసంతో భాగిస్తే వచ్చేది. టి నంబరు అద్దాలన్నీ దాటి సెన్సరు మీద నిజంగా పడే కాంతికి కొలత. అందుకే ఎఫ్1.4 ఫొటో లెన్సు అద్దాలతోనే తయారైన ఈ లెన్సు మీద టి1.5 అని రాసి ఉంటుంది. ఒక స్టాపు అంటే కాంతి రెట్టింపు కావడం, టి1.2 దీనికంటే స్టాపులో మూడింట రెండు వంతుల కాంతి ఎక్కువిస్తుంది, కానీ ఎఫ్‌ఎక్స్30లో ఎస్‌లాగ్‌3 అనే రికార్డింగు పద్ధతికి 800, 2500 అని రెండు బేస్ ఐఎస్ఓలు (సెన్సరు కాంతిని బాగా పట్టుకునే స్థాయిలు) ఉన్నాయి కాబట్టి రాత్రి అరుగు మీద లైటు తక్కువైనా ఆ కొంచెం కాంతి కోసం నేను తపించనక్కరలేదు. పైగా పెద్దమ్మ చేతులు కెమెరాకు రెండున్నర అడుగుల దూరంలో ఉంటాయి. అక్కడ టి1.5 దగ్గర స్పష్టంగా కనిపించేది దాదాపు ఒక అంగుళం లోతు మాత్రమే, ఆవిడ కాస్త ఊగితే ముడి మసకబారుతుంది. ఆ షాట్ టి2.8లోనే తీద్దాం, అప్పుడు రెండంగుళాలు దొరుకుతాయి. మనం వాడని వెలుగుకు డబ్బు పెట్టడం నాకు నచ్చలేదు.

పగటి షాట్లకు మాత్రం కాంతిని తగ్గించే నల్లటి అద్దం, అదే ఎన్‌డీ ఫిల్టరు, తప్పదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి సెకనుకు 25 ఫ్రేములకు షట్టరు 1/50 సెకను దగ్గర ఉంచితే ట్యూబులైట్లు మినుకుమనకుండా ఉంటాయి. ఆ షట్టరుతో, 800 ఐఎస్ఓతో, మిట్టమధ్యాహ్నం టి1.5కి తెరవాలంటే పది స్టాపులు పైగా తగ్గించాలి. ఈ వరుసలో 24, 35, 50 మూడింటికీ ముందు ఫిల్టరు బిగించే మర 77 ఎం.ఎం. కనుక మంచి ఫిల్టరు ఒకటి కొంటే చాలు.

మౌంట్ గురించి నీతో పోట్లాడాలని ఉంది. నా సోనీ కెమెరాకు నేరుగా బిగించే "ఈ" (E) మౌంటులోనే కొనమని నువ్వు రాశావు. సోనీ "ఈ" మౌంట్ ఫ్లాంజ్ దూరం, అంటే లెన్సు బిగించే చోటి నుంచి సెన్సరుకు ఉన్న దూరం, 18 ఎం.ఎం., ఈఎఫ్‌ది 44 ఎం.ఎం. దూరం ఎక్కువ ఉన్న లెన్సును తక్కువ దూరం ఉన్న కెమెరాకు అడాప్టరుతో బిగించవచ్చు, అటునుంచి ఇటు కుదరదు. రేపు ఆర్ఎఫ్ మౌంట్ కెనాన్ తీసుకున్నా, అద్దెకు ఎల్ మౌంట్ కెమెరా తెచ్చినా ఈ లెన్సు పనికొస్తుంది. ఇది మన సెన్సరు కంటే పెద్దదైన ఫుల్ ఫ్రేము సెన్సరును కూడా కప్పుతుంది. కెమెరాలు మారుతూనే ఉంటాయి, లెన్సు మాత్రం మనతో చాలా ఏళ్లు ఉండాలి.

నువ్వు పదేపదే చెప్పే పాత సోవియట్ లెన్సు హీలియోస్ 44-2 మీద నాకూ ప్రేమే. వెనుక వెలుగులు సుడి తిరిగే ఆ అందం, క్లిక్ లేకుండా తిరిగే ఎపర్చరు రింగు, ఆ ధర, అన్నీ ఒప్పుకుంటాను. కానీ దాని 58 ఎం.ఎం. మన సెన్సరు మీద ఫుల్ ఫ్రేములో 87 ఎం.ఎం. లెన్సులా ఇరుకుగా కనిపిస్తుంది, ఆ ఇరుకు అరుగు మీద వెనక్కి జరగడానికి చోటేదీ? 35 అయితే 52 ఎం.ఎం.కి సరిపోతుంది, ముఖమూ చేతులూ గుమ్మమూ ఒకే ఫ్రేములో ఇముడుతాయి. అదే కదా మన "గుమ్మం లెక్క", నువ్వు మరిచిపోలేదుగా?

ఒక విషయం తలచుకుంటే ఇంకా కోపం వస్తోంది. దీనికంటే ముందు ఒక దుకాణంలో ఇదే రకం లెన్సు తక్కువ ధరకు చూపించి, "కొత్తదానిలా ఉంది, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నారు. ఎపర్చరు పూర్తిగా తెరిచి, వెనుక నుంచి ఫోన్ టార్చి వేసి చూస్తే లోపలి అద్దం అంచున తెల్లటి బూజు సన్నని వేళ్లలా పాకి ఉంది. పొదుపు చేసి దాచుకున్న డబ్బుతో వచ్చే కుర్రవాళ్లకు ఇలాంటివి అంటగట్టడం అన్యాయం కాదా? నువ్వు సముద్రం పక్కన ఉంటున్నావు కాబట్టి నీ లెన్సులన్నిటినీ ఈ వారమే టార్చి వేసి చూడు, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పెట్టి దాచు, ఆ జెల్ రంగు మారగానే...

ఆగు, తమ్ముడు నీ ఊరి బస్సుకు బయలుదేరుతున్నాడు, ఈ ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నాను. ఫోకస్ లాగేటప్పుడు ఫ్రేము కాస్త ఉబ్బినట్లు కనిపించే బ్రీతింగ్ గురించి రాయనేలేదు. ఈ ధర లెన్సుల్లో అది ఎంతో కొంత ఉంటుంది, గేటు షాటులో ఎంత కనిపిస్తుందో ఆ రోజు తీసిన ఫుటేజీ వీడి పెన్ డ్రైవులో పంపుతున్నాను, పెద్ద తెర మీద చూడు. తరువాత కొనవలసింది 24నా, 85నా అన్నది నువ్వే తేల్చాలి, నా మనసు 24 వైపే ఉంది, ఎందుకంటే వంటింటి సీను... వాడు గుమ్మంలో నిలబడి కేకలు పెడుతున్నాడు, ఉంటాను.

నీ
బావ