కొత్తగా పుట్టడం, పునర్జన్మ ఒకటి కాదు

సంపాదకులకు నమస్కారం.

మొన్న ప్రొద్దుటూరులో ఒక సంతాప సభకు వెళ్లాను. వక్త ఒకరు, 'క్రైస్తవంలోనూ పునర్జన్మ ఉంది, మళ్లీ పుట్టాలని ఏసే చెప్పాడు' అన్నారు. చదువుకున్నవాళ్లు కూడా తలలూపారు. అందుకే ఈ ఉత్తరం.

ఆ మాట యోహాను సువార్త 3వ అధ్యాయంలోది. ఏసు నోట అది వినగానే నికోదేము అనే యూదుల పెద్ద కూడా ఇలాగే తికమకపడ్డాడు. ముసలివాడు రెండోసారి తల్లి గర్భంలోకి ఎలా పోతాడని అడిగాడు. ఏసు ఔననలేదు. నీళ్ల మూలంగా, ఆత్మ మూలంగా పుట్టడం గురించి చెప్పాడు. అక్కడున్న గ్రీకు మాట 'అనోథెన్'కు 'మళ్లీ' అనీ, 'పైనుంచి' అనీ రెండర్థాలు. మన తెలుగు బైబిల్లో 'క్రొత్తగా' అని ఉంది. నాకు అదే చక్కగా అనిపిస్తుంది.

గీత 2వ అధ్యాయంలో చెప్పిన పునర్జన్మ వేరు. చినిగిన బట్టలు విడిచి కొత్తవి కట్టుకున్నట్టు ఆత్మ మరో శరీరంలోకి వెళ్తుంది. బైబిల్లోని ఒక లేఖ అయిన హెబ్రీ పత్రికేమో మనిషి చనిపోయేది ఒక్కసారే, తర్వాత తీర్పు అంటుంది. పోలిక తేవాలంటే 'ద్విజుడు' అనే మాట దగ్గరగా ఉంటుంది. ఉపనయనంతో కలిగే రెండో పుట్టుక కూడా ఈ ఒంటితోనే, ఈ బతుకులోనే కదా. రెండు నమ్మకాలూ గొప్పవే. ఒకదాన్ని ఇంకోదానిలో కలిపేస్తే రెండూ అర్థం కావు.

మా నాయన నలభై ఏళ్లు దాటాక పెన్నలో బాప్తిస్మం తీసుకుని సారాయి మానేశాడు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. 'మీ నాయన ఇప్పుడు పుట్టినాడ్రా' అనేది మా అవ్వ.

– ఒక రిటైర్డ్ తెలుగు పండితుడు, జమ్మలమడుగు, కడప జిల్లా