హారన్లు చాలక కాదు, తీగలు తారుమారై

అయ్యా,

పోయిన వారం మీ జిల్లా పేజీలో వచ్చిన రథయాత్ర ఏర్పాట్ల వార్త గురించి ఈ ఉత్తరం. నిరుడు రథం వీధిలో మైకు ప్రకటనలు జనానికి అర్థం కాలేదట, అందుకని ఈసారి మరిన్ని హారన్లు (బాకాలాంటి లౌడ్‌స్పీకర్లు), ఇంకా పెద్ద ఆంప్లిఫయర్ తెప్పిస్తారట. తప్పిపోయిన పిల్లల పేర్లు కూడా తెలియలేదన్నది నిజమే. రోగం నిజం, మందే తప్పు.

ఒకే స్తంభానికి ఒకే వైపు కట్టిన రెండు హారన్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారైతే, ఒకటి గాలిని ముందుకు నెట్టేటప్పుడు రెండోది వెనక్కి లాగుతుంది. సరిగ్గా మధ్యలో నిలబడ్డవాడికి మాట పల్చబడిపోతుంది. బాక్సు స్పీకర్లలోనైతే ముందు పోయేది బేసు, అంటే బరువైన కింది స్వరం. వినపడటం లేదని ఆపరేటరు వాల్యూము పెంచుతాడు. మాట తేలదు గానీ స్తంభం పక్క ఇళ్లవాళ్ల చెవులు చిల్లులు పడతాయి.

పరీక్షకు ఖర్చేమీ లేదు. బాక్సు స్పీకరుకైతే ఒకటిన్నర వోల్టు సెల్లు చాలు. ఆంప్లిఫయర్ తీగలు ఊడదీసి, సెల్లు ప్లస్‌ను ఎర్ర టెర్మినల్‌కీ మైనస్‌ను నల్లదానికీ ఒక్క క్షణం తాకిస్తే కోను, అంటే స్పీకరులో కదిలే గరాటు, ముందుకు రావాలి. హారన్లో కదిలే పొర (డయాఫ్రమ్) కనపడదు. దూరపు తీగల కోసం హారనుకు 100 వోల్టుల లైను ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే సెల్లు అసలు పనికిరాదు. అక్కడ చెవే మీటరు. రెండు హారన్లను పక్కపక్కన పెట్టి, ఎదురుగా మధ్యలో నిలబడి, ఒక మాట విని, ఒకదాని తీగలు మార్చి అదే మాట మళ్లీ వినాలి. నిండుగా వినపడిందే సరైన కలయిక. మార్చే ముందు ఆంప్లిఫయర్ ఆపాలి, ఆ లైను షాకు కొడుతుంది. సరిచూసిన తీగకు ఎర్ర టేపు చుట్టాలి.

అసలు కొంప ముంచేది నడివీధిలో వేసే అతుకులు. ఎర్ర తీగ అయిపోతే చేతికందిన రంగు కలిపేస్తారు. రెండు చోట్ల తారుమారైతే మళ్లీ సరిపోతుంది, ఆ అదృష్టాన్నే మనవాళ్లు పనితనం అంటారు!

వంద మీటర్ల దూరపు స్తంభాల మధ్య ప్రతిధ్వని మాత్రం తీగల దోషం కాదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లే పోతుంది, మాట దాదాపు మూడోవంతు సెకను వెనకబడుతుంది. హారన్లను ఎదురెదురుగా కట్టకుండా ఒకే దిక్కుకు తిప్పి, వాల్యూము తగ్గించాలి.

ఇవన్నీ ఎవరికి పట్టాయి? టెండరులో వాట్లు రాస్తారు, తక్కువ ధర వాడికి ఇస్తారు, కట్టిన పని ఎవరూ చూడరు. బళ్లలో జెండా పండగకీ ఇదే తీరు. ఒడియా ప్రకటన తర్వాత తెలుగులో చెప్పేది ఎలాగూ సగమే, ఆ సగమూ గాలిలో కలిసిపోతోంది. 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆ కాగితాన్ని ఈ హారన్లలోనే చదివించినా ఎవరికీ అర్థం కాదు, అదొక సౌకర్యం.

కొత్త హారన్లకు ముందు పాతవాటి తీగలు సరిచూడండి. బిల్లు మీద సంతకం పెట్టే అధికారిని రెండు హారన్ల మధ్య నిలబెట్టి, ఆయన పేరు మైకులో పిలవండి. పలికితేనే బిల్లు.

ఒక పాఠకుడు,
గజపతి జిల్లా, ఒడిశా