బడిలో పొయ్యి ఆర్పొద్దు

సంపాదకులకు నమస్కారం.

సర్కారు బళ్ళలో మధ్యాహ్నం వంట ఎత్తేసి పిల్లలకు పాల ప్యాకెట్, బ్రెడ్డు, అరటిపండు ఇస్తే సరిపోతుందని, ఆ డబ్బేదో తల్లుల ఖాతాలో వేస్తే ఇంకా మంచిదని గత వారం మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. పిల్లలు వేడన్నమే తినాలని ఎక్కడుంది, మనమంతా చద్దన్నం తిని పెరగలేదా అని కూడా అడిగారు. నేను పాలమూరు పల్లెల్లో ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పి రిటైరైన టీచర్ని. అందులో సగానికి పైగా పొయ్యి లేని బడిలో, మిగతాది పొయ్యి ఉన్న బడిలో గడిచింది. రెండూ చూశాను కాబట్టి ఈ ఉత్తరం.

ముందు చద్దన్నం మాట. నేనూ తిన్నాను. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగ పోసి ఉంచి, పొద్దున్నే ఉల్లిపాయ నంజుకుని తింటే దానికి సాటి లేదు. చల్లారినంత మాత్రాన అన్నంలో బలం పోదని ఒప్పుకుంటాను. కానీ అది ఒక ఇంటి కుండలో, ఇంటి మనుషుల కళ్ళ ముందు ఉండే తిండి. తెల్లవారుజామున ఎక్కడో పెద్ద వంటశాలలో వందల మందికి వండి, డబ్బాల్లో మూతలు బిగించి, మార్చి ఎండలో వ్యాన్లో తిప్పి తెచ్చిన పప్పు వేరు. ఎండాకాలంలో పప్పు ఎన్ని గంటలు ఆగుతుందో వంటింట్లో నిలబడ్డ ఎవరినడిగినా చెబుతారు. బడి వెనక పదకొండున్నరకు దింపి పన్నెండున్నరకు వడ్డించిన దానికి పాడయ్యే వ్యవధే ఉండదు. పిల్లల ప్లేటులో అన్నం పొగలు కక్కుతుంటే నాకు తెలిసేది ఒక్కటే, ఇది ఇప్పుడే వండారు.

ఇక డబ్బు సంగతి. 1995 ఆగస్టు 15న కేంద్రం మధ్యాహ్న భోజన పథకం మొదలుపెట్టాక మా దగ్గర చాలాకాలం ఉడికిన అన్నం లేదు, బియ్యమే. హాజరు 80 శాతం ఉన్న పిల్లలకు నెలకు 3 కిలోలు. టీచర్లం కాస్తా రేషన్ డీలర్లమయ్యాం. తూకాలు, సంచులు, వేలిముద్రలు. బియ్యం ఇచ్చే రోజు బడిలో కూర్చోడానికి చోటుండేది కాదు, మర్నాడు సగం బెంచీలు ఖాళీ. (హాజరు పట్టీలో 80 శాతం ఎలా వచ్చేదో నన్నడక్కండి. ఆకలిగా ఉన్న ఇంటికి బియ్యం ఆపే ధైర్యం మాలో ఎవరికీ లేదు.) ఆ 3 కిలోలు ఇంట్లో ఐదారుగురి కుండలో పడి, రెండు మూడు రోజుల్లో అయిపోయేవి. తప్పు తల్లులది కాదు. ఇంటిల్లిపాదీ పస్తుంటే బడికెళ్ళే పిల్లకొక్కదానికే వండి పెట్టే తల్లి ఎక్కడుంటుంది? రేపు ఖాతాలో డబ్బు వేసినా అంతే. మందుల దుకాణం ఉంది, సంఘం కిస్తీ ఉంది, అవి ముందు తింటాయి.

2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, బియ్యం కాదు, వండిన అన్నమే పెట్టాలని ఆదేశించింది. రోజుకు కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు, ఏడాదిలో 200 రోజులైనా అని లెక్క కూడా కట్టింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో 2003 జనవరిలో వంట మొదలైంది. ఆ తర్వాత 2013 ఆహార భద్రత చట్టంలో ఎనిమిదో తరగతి వరకు మధ్యాహ్న భోజనం హక్కయింది. వేడిగా వండినది పెట్టాలని, బడిలోనే వడ్డించాలని 2015 నియమాలు చెబుతున్నాయి. ఆ పాఠకుడి ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. కానీ నా జవాబు చట్టంలోది కాదు.

పొయ్యి రాకముందు రోజూ రెండో పీరియడ్ దాటగానే ఒకరిద్దరు చెయ్యెత్తేవాళ్ళు. "టీచర్, కడుపు నొస్తున్నది." నేను వాము నీళ్ళు తాగించేదాన్ని, ఇంటికి పంపేదాన్ని. పత్తి ఏరే రోజుల్లో తల్లులు చీకటితోనే చేలకు పోయేవాళ్ళు. పిల్లలు ఏం తిని వస్తున్నారో, అసలు తిని వస్తున్నారో లేదో అడగాలని నాకు తట్టలేదు. వంట మొదలైన కొన్నాళ్ళకు ఆ నొప్పులు తగ్గిపోయాయి. అది కడుపునొప్పి కాదు, ఆకలి అని అప్పుడు గాని నాకు అర్థం కాలేదు. అన్నేళ్ళు వాము నీళ్ళు తాగించినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా రాస్తాను, ఊరు పేరు రాయను. మా బడిలో మొదట వంటకు కుదిరినామె దళిత మహిళ. మొదటి వారం పది పన్నెండు ఇళ్ళ వాళ్ళు మధ్యాహ్నం పిల్లల్ని ఇంటికి పిలిపించుకున్నారు. ఎవరూ గొడవ చెయ్యలేదు, "మా పిల్లలకు బడి అన్నం పడదు" అన్నారంతే. నేనూ, మరో సారూ రోజూ పిల్లల వరుసలోనే కూర్చుని ఆమె చేతి అన్నం తిన్నాం. ఇళ్ళకు పోయే పిల్లలకు పప్పు తాలింపు వాసన గేటు దాకా వచ్చేది. దసరా సెలవుల తర్వాత ఒక్కొక్కళ్ళే వచ్చి వరుసలో కూర్చున్నారు. ఎవరూ ఏమీ అనలేదు, మేమూ అడగలేదు. బ్రెడ్డు ప్యాకెట్ పంచితే ఈ ఇబ్బందే వచ్చేది కాదు. అది ఎవరు చేశారో ఎవరికీ తెలియదు కదా. కానీ ఆ పిల్లలు అలా వరుసలో వచ్చి కూర్చోవడమూ జరిగేది కాదు.

వంటతో ప్రమాదాలున్నాయని అంటారు, నిజమే. 2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో పురుగుమందు కలిసిన బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వార్త చదివిన రోజు మా బడిలో నాకు ముద్ద దిగలేదు. కానీ పిల్లలకు పెట్టే ముందు టీచర్ రుచి చూడాలన్న నియమం ఉన్నది ఇందుకే. సీలు వేసిన ప్యాకెట్‌ను ఎవరు రుచి చూస్తారు?

అసలు రోగం వంటలో లేదు, బిల్లుల్లో ఉంది. 2025 మేలో ప్రాథమిక తరగతుల పిల్లలకు కేంద్రం కట్టిన రేటు ఒక్కొక్కరికి రోజుకు 6 రూపాయల 78 పైసలు. బియ్యం వేరుగా వస్తాయి, గుడ్డు లెక్క వేరు. ఈ డబ్బులో 20 గ్రాముల పప్పు, 50 గ్రాముల కూరగాయలు, 5 గ్రాముల నూనె రావాలి. కందిపప్పు కిలో 120, కూరగాయలు 40, నూనె 150 అని చవగ్గానే వేసుకున్నా 5 రూపాయల 15 పైసలు అవుతుంది. మిగిలిన 1 రూపాయి 63 పైసల్లో చింతపండు, కారం, ఉప్పు, పోపు, గ్యాసు. మా బస్టాండులో చాయ్ 10 రూపాయలు. సాంబారు నీళ్ళలా ఉందని ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్ళు ఒకసారి ఈ లెక్క వేసి చూడాలి.

ఆ డబ్బయినా నెలనెలా వస్తుందా? రాదు. వంట చేసే ఆడవాళ్ళు కిరాణా కొట్టులో ఉద్దెర పెట్టి, మెడలోవి కుదువ పెట్టి వండుతారు. "మేడం, దుకాణపాయన ఇగ ఉద్దెర ఇయ్యనంటున్నడు" అని మా వంటామె స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడ్డ రోజులు ఎన్నో. అలాంటి రోజు పప్పు పలచబడుతుంది, లేదా మేం తలా వంద వేసుకునేవాళ్ళం. వాళ్ళ కష్టానికి ఇచ్చేది జీతం కూడా కాదు, గౌరవ వేతనం. అందులో కేంద్రం లెక్క 2009 నుంచి నెలకు 1000 రూపాయల దగ్గరే ఆగింది, అదీ ఏడాదికి పది నెలలకే. తెలంగాణ దాన్ని 3000 చేసింది. వంద మంది పిల్లలకు ఇద్దరు పొయ్యి దగ్గర పొగలో నిలబడితే ఒక్కొక్కరికి రోజుకు వంద రూపాయలు.

వంట బాగాలేదని వంటే తీసేయమనడం కన్నా, బిల్లు ప్రతి నెలా పదో తేదీలోపు చెల్లించమని అడగండి. గుడ్డు ధర బజార్లో పెరిగినప్పుడు బిల్లులోనూ పెరగాలని అడగండి. ఇప్పటికీ చెట్టు కింద కట్టెల మీద వండుతున్న బళ్ళకు వంటగది, నల్లా అడగండి. మీ పత్రిక కూడా ఇదే అడిగితే సంతోషిస్తాను.

ఆ పాఠకుడికి నాదొక మనవి. మీకు దగ్గర్లో ఉన్న ఏ సర్కారు బడికైనా ఒక మధ్యాహ్నం వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళండి, గుడ్డు పెట్టని రోజు చూసుకుని వెళ్ళండి. ప్లేటు మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్ళండి, బడిలో ఉన్నవి పిల్లలకే సరిపోవు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
నాగర్‌కర్నూల్ జిల్లా